ఆ కొండ మీద గాలి

కిందటి ఆదివారం మధ్యాహ్నం భోజనాలు కాగానే మా మనవరాలు పెరుగు గిన్నెను పక్కకు జరిపి, తన ల్యాప్‌టాప్‌ను నా కంచం ముందే తెరిచి పెట్టింది. పాత సినిమాలను శుభ్రం చేసి ఇప్పటి టీవీలకు పనికివచ్చేలా తయారుచేసే ఒక కంపెనీలో, లండన్‌లో దాని ఉద్యోగం. ఫిల్ము మీది గీతలూ మరకలూ మినుకులూ కంప్యూటరుతో తీసేస్తారట. నేను ఈ దేశం వచ్చిన కొత్తలో పనిచేసిన సినిమా ఒకటి తన చేతికే వచ్చిందని వారం రోజులుగా ఫోనులో ఊరిస్తూనే ఉంది. తీరా చూస్తే తెర మీద, కొండ అంచున, మా మృగం నిలబడి ఉంది. ఎలుగుబంటి ఒళ్లు, పొట్టేలు కొమ్ములు, ఎప్పుడూ ఏదో పోగొట్టుకున్నట్టు చూసే గాజు కళ్లు, అన్నీ అలాగే ఉన్నాయి. ఒంటి మీది బొచ్చు మాత్రం కదలడం లేదు. నూనె రాసి దువ్వినట్టు అణిగిపోయి ఉంది. కాళ్ల కింది గడ్డి కూడా గోడకు వేసిన రంగులా బిగుసుకుపోయి ఉంది.

"ఒరిజినల్‌లో ఫర్ అంతా షేక్ అవుతోంది తాతయ్యా, గ్రాస్ కూడా. మొత్తం క్లీన్ చేసేశాను. అది మిస్టేకే కదా?" అంది.

ఇక్కడే పుట్టిన పిల్ల. తెలుగు అంతా అర్థమవుతుంది గాని, జవాబు చెప్పేటప్పుడు సగానికి పైగా ఇంగ్లీషే, అదీ ఇక్కడి యాసలో. మంగళవారం ఆఖరి కాపీ వెళ్లిపోతుందట, ఆ తర్వాత దాన్ని ఎవరూ ముట్టుకోరట. ఆ మృగాన్ని తయారుచేసినవాళ్లలో మిగిలింది నేనొక్కడినే కనుక, ఆ వణుకు తీసెయ్యాలా ఉంచాలా అన్నది నేను చెబితే తన పైవాళ్లు వింటారట. సాయంత్రం రైలుకు వెళ్లేలోగా చెప్పమంది. అవును తప్పే అనబోయి మానుకున్నాను. కాసేపు నడుం వాలుస్తానని చెప్పి పై గదికి వెళ్లి, పడుకోకుండా కిటికీ దగ్గర కూర్చున్నాను.

మన తరంవాళ్లకు అప్పటి రాక్షస మృగాల సినిమాలు గుర్తుండే ఉంటాయి. విశాఖపట్నంలో ఆదివారం ఉదయం ఆటకు ఇంగ్లీషు సినిమాలు వేసేవారు. సముద్రంలోంచి లేచే బల్లులు, ఊళ్లను తొక్కే కోతులు, రెక్కల పాములు వచ్చేవి. ఒక్క మాట అర్థం కాకపోయినా, ఆ జంతువు చచ్చిపోయేటప్పుడు హాలంతా నిశ్శబ్దమైపోయేది. అవి జానెడు బొమ్మలని, ఎవరో ఒక మనిషి వాటిని వెంట్రుకవాసి కదిపి, వెనక్కి వచ్చి, కెమెరాతో ఒక ఫొటో తీసి, మళ్లీ వెంట్రుకవాసి కదిపి, అలా నెలల తరబడి ప్రాణం పోస్తాడని మనకెవరికి తెలుసు? అలాంటి మనిషి దగ్గర నేను పనికి కుదురుతానని మాత్రం కలలో కూడా అనుకోలేదు.

పోర్టు వర్క్‌షాపులో లేతు పని నేర్చుకుని, లండన్ పక్కనున్న స్లౌ అనే ఊరు వచ్చి ఒక ఫ్యాక్టరీలో చేరాను. అక్కడికి చిన్న చిన్న ఉక్కు గోలీల కోసం ఒక తెల్లజుట్టు మనిషి వచ్చేవాడు. నా పని చూసి, ఆ ఫ్యాక్టరీ మూతపడినప్పుడు తన దగ్గరికి రమ్మన్నాడు. డైరీలో ఆయన్ను పెద్దాయన అనే రాసుకునేవాణ్ణి, ఇప్పటికీ నోటికి అదే వస్తుంది. మూసేసిన లాండ్రీ వెనక ఒక షెడ్డు, అదే ఆయన స్టూడియో. బొమ్మల లోపల ఉండే ఉక్కు అస్థిపంజరం చెయ్యడం నా పని. రెండు రేకుల మధ్య గోలీ, బిగించడానికి ఒక మర, అదొక కీలు. ఎముకలూ కీళ్లూ చేస్తానని మా ఆవిడ ఉత్తరం రాస్తే, నేనేదో పెద్దాసుపత్రిలో ఉద్యోగం చేస్తున్నానని మా మామగారు అనకాపల్లి అంతా చెప్పుకున్నారు. ఆయన పోయేదాకా మేము దాన్ని సరిదిద్దలేదు.

ఆ ఎముకల మీద దూది చుట్టి, కుందేలు బొచ్చు కుట్టేది పెద్దాయన భార్య. పొడుగ్గా, సన్నగా ఉండేది. నోట్లో సూదులు పెట్టుకునే మాట్లాడేది. తలుపు మీద ఎర్ర గుడ్డ వేలాడితే లోపల చిత్రం తీస్తున్నారని అర్థం. అప్పుడు ఆవిడ కూడా లోపలికి వెళ్లేది కాదు, ఇల్లు తగలబడుతున్నా సరే. బొమ్మల బల్ల మీద ఆయన చెయ్యి తప్ప ఇంకో చెయ్యి పడకూడదు. బొచ్చు మీద బొటనవేలి గుర్తు ఒక్కటి కనిపించిందని, వారం రోజుల పనిని ఆయన చెత్తబుట్టలో పడేయడం నేను కళ్లారా చూశాను.

కొండ మీద మృగం చచ్చిపోయే ఘట్టం చివరికి మిగిలింది. దాన్ని ఆయన ఏడాదిగా తనకోసమే అట్టేపెట్టుకున్నాడు. అది మొదలైన దగ్గర్నుంచీ కీళ్లు వదులుగా ఉన్నాయని నన్ను పిలిచేవాడు. నేను బిగించేవాణ్ణి. మర్నాడు మళ్లీ వదులే అనేవాడు. అవి వదులుగా లేవని నా వేళ్లకు తెలుసు. ఇంకా బిగిస్తే చెయ్యి కదపడానికే బలం కావాలి. ఆయనతో వాదించే చనువు నాకు లేదు, బిగించాను. టీ కప్పు సగమే నింపమని ఆయన భార్యతో చెప్పడం ఒక రోజు వినబడింది. ఆ సగం కప్పును రెండు చేతులతో పట్టుకుని తాగుతుంటే చూశాను. అప్పుడు అర్థమైంది. ఆయన చేతులు వణుకుతున్నాయి. కీలు బిగుతుగా ఉంటే ఆ వణుకుకు బొమ్మ కదలదని ఆయన ఆశ. కదలలేదు కూడా. కాని బిగుసుకున్న కీలును తిప్పడానికి బొమ్మను గట్టిగా అదిమి పట్టుకోవలసి వచ్చేది. పట్టుకున్న ప్రతిసారీ కుందేలు బొచ్చు ఒక్కో వైపు నలిగేది. తెర మీద చూస్తే మృగం ఒళ్లంతా పురుగులు పాకుతున్నట్టు ఉండేది.

నిర్మాత తరఫు మేనేజరు శుక్రవారం శుక్రవారం వచ్చి, ఆ వారం తీసిన ముక్క చూసి వెళ్లేవాడు. బయటివాళ్లతో కలిసి చూడడం పెద్దాయనకు అలవాటు లేదు, ఆ సమయానికి అలా బయట నడవడానికి వెళ్లిపోయేవాడు. ఆ శుక్రవారం ప్రొజెక్టరు నేనే తిప్పాను.

"ఏమిటిది, మీ మృగానికి పేలు పట్టాయా?" అన్నాడు మేనేజరు.

"అది కొండ కొమ్ము. అక్కడ గాలి ఎక్కువ" అంది ఆవిడ, నోట్లో సూది తియ్యకుండానే.

"ఆ సంగతి మీ గడ్డికి ఎవరూ చెప్పినట్టు లేదే."

గడ్డి వచ్చే వారం కదులుతుందని ఆవిడ చెప్పింది. అతను టోపీ పెట్టుకుంటూ, లండన్‌లో ఒక కుర్రాడు ఖాళీగా ఉన్నాడని, పనితనం ఉన్నవాడని, వచ్చే శుక్రవారం కూడా ఇలాగే ఉంటే ఆ ఒక్క ఘట్టం అతనితో తీయించుకుంటామని చాలా మర్యాదగా చెప్పి వెళ్లాడు. ఆ ఒక్క ఘట్టం! ఇంకొకరి చేతిలో తన మృగం చచ్చిపోవడాన్ని పెద్దాయన తట్టుకోలేడని మా ఇద్దరికీ తెలుసు. ఎవరడిగినా గాలి అనే చెప్పాలని ఆవిడ నాకు చెప్పింది. ఆయన చేతుల గురించి ఆవిడ నాతో ఏమీ అనలేదు, నేనూ అనలేదు.

సోమవారం తలుపు మీద ఎర్ర గుడ్డ వేలాడుతోంది. మరలు బిగించడానికి నేను లోపలే ఉన్నాను. తలుపు తెరుచుకుంది. ఆవిడ ఒక అల్లిక సూది పట్టుకుని వచ్చి బల్లకు అవతలి పక్క నిలబడింది. పెద్దాయన అప్పుడే మృగం భుజం కదిపి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఆవిడ వంగి, సూది మొనతో నాలుగు గడ్డిపరకలను పక్కకు వాల్చి నిటారుగా నిలబడింది. ఆయన ఆవిడ వంక చూశాడు. ఆ బల్ల మీద రెండో చెయ్యి పడడం నేను చూడడం అదే మొదటిసారి. ఆయన కెమెరా దగ్గరికి వెళ్లి ఫొటో తీశాడు. తర్వాత ఆయన కదపడం, ఆవిడ గడ్డిని వాల్చడం, సూది వెనక్కి వెళ్లేదాకా ఆయన ఆగడం, ఆ వారమంతా ఇదే పని.

శుక్రవారం మేనేజరు చూసి, కోటు బొత్తాలు పెట్టుకుని, చలివేస్తోందన్నాడు. ఆ కుర్రాడి ప్రసక్తి మళ్లీ రాలేదు. అతను వెళ్లాక పెద్దాయన వచ్చి, ఆ ముక్క తనకు కూడా ఒకసారి వెయ్యమన్నాడు. చూసి, ప్రొజెక్టరు ఆగిపోయాక కూడా అలాగే కూర్చున్నాడు.

"సోమవారానికి కీళ్లన్నీ వదులు చెయ్యి. గాలి ఉంది కదా" అన్నాడు నాతో.

అంతే. ఆ రోజు నా డైరీలో కీళ్లు వదులు చేశానని, వాన పడిందని మాత్రమే ఉంది. ఆయన తీసిన ఆఖరి ఘట్టం అదే. ఆ తర్వాత షెడ్డు ఖాళీ చేశారు. నేను వేరే ఫ్యాక్టరీలో చేరి అక్కడే రిటైరయ్యాను. వాళ్లిద్దరూ పోయి చాలా కాలమైంది.

కిటికీ దగ్గర కూర్చున్నంతసేపూ నన్ను పీడించింది ఒక్కటే. ఆ బొచ్చు నిలకడగా ఉండాలనే కదా ఆ మనిషి ఆరాటపడింది! ఒక్క వేలి గుర్తుకే వారం పని పారేసిన మనిషికి, మా మనవరాలు కుర్చీలోంచి లేవకుండానే ఆయన కోరుకున్నది ఇచ్చేసింది. వద్దనడానికి నేనెవణ్ణి? ఆ వణుకు ఉండాలన్నది ఆయన కోసమా, నా కోసమా? వదులు చెయ్యమన్న మాట ఆయన ఇష్టంతో అన్నాడా, గతిలేక అన్నాడా? ఆయన ముఖం గుర్తు తెచ్చుకోవడానికి ఎంత ప్రయత్నించినా ప్రొజెక్టరు వెలుతురులో వీపే కనిపిస్తోంది గాని ముఖం కనిపించడం లేదు.

చివరికి కిందకు దిగి, అంతా చెప్పాను. నోరు విప్పి ఎవరికైనా చెప్పడం అదే మొదలు. మా ఆవిడ వంటింట్లోంచి తుడుపు గుడ్డతో వచ్చి గుమ్మంలో నిలబడిపోయింది. "ఇన్నేళ్లూ నాక్కూడా చెప్పలేదేమండీ" అంది. ఎత్తిపొడుపో బాధో తెలియలేదు. మనవరాలు పాత కాపీ తెరిచి, ఆ ఘట్టాన్ని ఒక్కొక్క ఫొటోగా ముందుకు జరపసాగింది. బొచ్చు ఒకసారి ఇటు, ఒకసారి అటు. ఒక చోట ఆపి, తెరకు దగ్గరగా వంగింది. మృగం భుజం మీద, చిన్న సొట్ట.

"ఇది ఆయన థంబ్" అంది మెల్లగా.

ఇంకో ఫొటోలో మళ్లీ ఉంది. కొంచెం కిందికి. దాని పక్కనే ఇంకొకటి. మేం ముగ్గురం రైలు టైము మరిచిపోయి చూస్తూ ఉండిపోయాం. లేచేటప్పుడు మనవరాలు బ్యాగు భుజాన వేసుకుంటూ, "ఆఫీసులో ఎందుకు ఉంచావని అడుగుతారు తాతయ్యా. ఇట్స్ విండీ అప్ దేర్ అని చెప్తాను" అంది. అక్కడ గాలి ఎక్కువ అని పెద్దాయన భార్య మేనేజరుతో అన్న మాటే దాదాపుగా. నేను ఆ మాట ఇంగ్లీషులో దానికి చెప్పనే లేదు.

మంగళవారం ఫోను చేసింది. మిగతా సినిమా అంతా నున్నగానే వెళ్లిందట, కొండ మీది ఘట్టం మాత్రం ఉన్నది ఉన్నట్టు. మంచి పని చేశానో లేదో నాకింకా తేలలేదు. ఇప్పటి సినిమాల్లో మృగాలకు ఒక్కొక్క వెంట్రుకా దానంతటది ఎగురుతుంది. ఎంతో బాగుంటాయి, కాదనను. మనవరాలితో కలిసి నేనూ చూస్తాను. చూస్తూ, అలవాటు చొప్పున, బొచ్చు మీద ఎక్కడైనా ఎవరి వేలైనా పడిందేమోనని వెతుకుతాను. ఎక్కడా ఉండదు. ఆ కొండ మీద గాలి వీచాలంటే మాత్రం, బల్లకు అటొకరు ఇటొకరు, ఇద్దరు మనుషులు పొద్దస్తమానం నిలబడవలసి వచ్చేది.