ఎక్కే పక్క నుంచి తాటిచెట్టు

1992 జూన్‌లో నన్ను జగిత్యాల డివిజన్‌కు ఫొటోగ్రాఫర్‌గా బదిలీ చేశారు. ప్రభుత్వ ప్రచార విభాగంలో ఫొటోగ్రాఫర్ అంటే అధికారికి రెండు మెట్లు కింద, జీపు డ్రైవర్‌కు ఒక మెట్టు పైన. ఆ ఒక్క మెట్టును కూడా డ్రైవర్ ఒప్పుకునేవాడు కాదు. శంకుస్థాపనలు, పాఠశాల గదుల ప్రారంభాలు, రుణమేళాలు నా పని. పెద్దల మొహం నీడలో పడకూడదన్నది మా శాఖలో మొదటి సూత్రం, బహుశా చివరిది కూడా. రీలు ఇచ్చేటప్పుడు రిజిస్టర్‌లో సంతకం తీసుకునేవారు. ఒక ఫ్రేము చెడితే ఎందుకు చెడిందో కారణం రాయాలి. ‘ముఖ్య అతిథి తుమ్మినందువలన’ అని ఒకసారి రాశాను. సంజాయిషీ అడిగారు, ఇచ్చాను.

ఆదివారాలు మాత్రం నావి. సొంత కెమెరా, సొంత రీలు, పాత రాజ్‌దూత్ బండి. పొద్దున్నే జొన్నరొట్టె మూటగట్టుకుని బయలుదేరితే పొద్దుగూకేదాకా నా కోసం ఎవరూ ఎదురుచూసేవారు కాదు. మా ఆవిడ మొదట్లో చూసి, తర్వాత మానేసింది. ఒక వారం కోరుట్ల దాటి ఇబ్రహీంపట్నం వైపు వెళ్లి, పసుపు ఉడకబెట్టే కడాయిల ఆవిరిలో మనుషుల్ని తీసేవాణ్ని. ఇంకో వారం చందుర్తి మీదుగా సిరిసిల్ల వెళ్లి, వీధుల్లో ఆరబెట్టిన రంగు నూలును తీసేవాణ్ని. రంగుల నూలును నలుపు తెలుపు రీలు మీద తీయడమేమిటని అక్కడి నేతగాళ్లు నవ్వేవారు. దగ్గరి పల్లెలకైతే సైకిలు మీదే పోయేవాణ్ని. సైకిలు మీద వెళ్తే మనుషులు పలకరిస్తారు, మోటార్‌సైకిల్ మీద వెళ్తే ముందు ఎవరి మనిషో అని చూస్తారు. ఆ రోజుల్లో బండి మీద కెమెరాతో తిరిగేవాడి మీద పోలీసులకూ అనుమానమే, అడవిలో ఉన్నవాళ్లకూ అనుమానమే. మెడలో గుర్తింపు కార్డు వేసుకుంటే ఒకరికి నచ్చదు, తీసేస్తే ఇంకొకరికి నచ్చదు. నేను జేబులో పెట్టుకునేవాణ్ని.

కాలం బాగాలేదు. చాలా ఊళ్లలో బావులు అడుగంటాయి. సిరిసిల్ల నుంచి భీవండికి, మా వైపు నుంచి బొంబాయి మీదుగా దుబాయికి మనుషులు పోతూనే ఉన్నారు. ఏ ఊరికి వెళ్లినా ఆడవాళ్లు, ముసలివాళ్లు, పిల్లలు ఎక్కువగా కనిపించేవారు. నా ఫొటోల్లోనూ వాళ్లే ఎక్కువ. అయినా నేను ఆ ఆదివారాల్లో సంతోషంగానే తిరిగాను, దాచుకోవలసిన పనేమీ లేదు.

ఆ కార్తీకంలో ఒక ఆదివారం బుగ్గారం దగ్గరి ఒక పల్లెలో తాటివనం పక్కన బండి ఆపి మేఘాల కోసం చూస్తున్నాను. ఒకామె చెరువు కట్ట దిగి వచ్చింది. పేరు పద్మ. పెనిమిటి రాజేశం గౌడ్ కల్లు గీసేవాడు, రెండేళ్ల క్రితం షార్జాకు పోయి ఇళ్లు కట్టే కంపెనీలో పనికి కుదిరాడు.

“సారు, మీరు మనుషులనే తీస్తరా, చెట్లను గుడ తీస్తరా?” అని అడిగింది.

రెండూ తీస్తానన్నాను. అప్పుడు విషయం చెప్పింది. ఆ ఊరి గౌడ సంఘంలో కొన్నేళ్లకోసారి చెట్లను తిరిగి పంచుకుంటారు. ఎవరి వంతు చెట్లను వారే గీయాలి. ఊళ్లో లేనివాడి చెట్లు ఉన్నవాళ్లకు పోతాయి. అయితే లేనివాడు తన చెట్లు ఏవో తానే చెప్పి, తన బదులు గీసే మనిషిని చూపిస్తే వంతు నిలుస్తుంది. మనిషి ఉన్నాడు, పద్మ తమ్ముడు. కానీ అతనిది వేరే ఊరు, చెట్లు తెలియవు. ఆబ్కారీ వాళ్లు చెట్ల మీద వేసే నంబర్లు ఆ ఏడాది కొత్తగా మారాయి కాబట్టి పాత కాగితమూ పనికిరాదు. పంపకం శివరాత్రి దాటాక. వనంలోని చెట్లన్నిటి ఫొటోలు షార్జాకు పంపితే అతను తనవి ఏవో గుర్తుపట్టి చెబుతాడని ఆమె ఆశ.

“ఊళ్లో ఎవరైనా చూపించవచ్చు కదా” అన్నాను.

దానికి అప్పుడే వనంలోంచి వచ్చిన సంఘం పెద్దమనిషి ఎల్లాగౌడ్ జవాబు చెప్పాడు. డెబ్బై దాటినా తాటిచెట్టు లెక్క నిటారుగా ఉండేవాడు. “మేం చూపిస్తే మంచియి మేం పెట్టుకున్నమని ఈ పిల్ల అనుకుంటది. ఈ పిల్ల చూపిస్తే మేం నమ్మం. ఎక్కినోడే చెప్పాలె సారు. గది మా కట్టు.”

పద్మ నన్ను పక్కకు పిలిచి ఇంకో మాట చెప్పింది. “చెట్లుంటే వస్తడు సారు. పని లేని ఊరికి ఎందుకు వస్తడు? ఇంకో కాయితం మీద సంతకం పెట్టి ఆడనే ఉంటడు.”

ఈ పని నాకు బాగా నచ్చింది. ఒక మనిషి ఇంటికి రావడం నా ఫొటోల మీద ఆధారపడటం అంతకుముందు ఎప్పుడూ జరగలేదు. నా ఫొటోల వల్ల అప్పటిదాకా ఎవరూ ఎక్కడికీ రాలేదు.

తర్వాతి ఆదివారం పూర్తి తయారీతో వెళ్లాను. నలుపు తెలుపు రీలులో ఆకాశం తెల్లగా పాలిపోకుండా, మబ్బులు విడిగా కనిపించేలా కటకం ముందు పసుపు రంగు అద్దం బిగించాను. సాయంత్రం నాలుగు దాటాక, ఎండ పక్కవాటుగా పడుతున్నప్పుడు, చెరువు కట్ట మీద నిలబడి ఒక్కో చెట్టుకు ఒక్కో ఫ్రేము తీశాను. ఎల్లాగౌడ్ లెక్క ప్రకారం అందరివీ కలిపి ముప్పై ఐదు చెట్లు. రీలులో ముప్పై ఆరు ఫ్రేములు. మిగిలిన ఒక్కదానితో పద్మను తీస్తానంటే వద్దంది. “నన్ను చూసి చెట్టును ఎట్ల గుర్తువడుతడు?” అంది. దాన్ని మబ్బు మీద ఖర్చు చేశాను.

ఆఫీసు చీకటి గదిని అధికారిని అడిగే వాడుకున్నాను, కాగితం మాత్రం నాదే. ప్రింట్లు ఒక్కొక్కటి ద్రవంలోంచి తేలుతుంటే నాకు నేనే శభాష్ అనుకున్నాను. వెనక ఒకటి నుంచి ముప్పై ఐదు వరకు అంకెలు వేశాం, అవే అంకెలు చెట్ల మొదట్లో సుద్దతో ఎల్లాగౌడ్ వేయించాడు. కవరు షార్జాకు పోయింది.

నెల దాటాక జాబు వచ్చింది. పద్మ దాన్ని పట్టుకుని నా ఆఫీసుకే వచ్చింది. నేనే చదివాను. ‘సారుకు నమస్కారం. ఫొటోలు మంచిగున్నయ్. క్యాలెండర్ లెక్క ఉన్నయ్. మా రూములోళ్లు మూడు గోడకు పెట్టుకున్నరు. గని ఇండ్ల నా చెట్టు ఒక్కటి గుడ లేదు. ఇయ్యి ఏ ఊరి చెట్లు?’

నా మొహం ఎలా ఉందో తెలియదు కానీ, పద్మ నాకే మంచినీళ్లు ఇచ్చింది. నాకు కోపం వచ్చింది. రెండేళ్లలో సొంత చెట్లే మరిచిపోయినవాడికి వంతు ఎందుకని కూడా అనుకున్నాను. పైకి మాత్రం అనలేదు.

ఆ ఆదివారం పల్లెకు వెళ్లి ఎల్లాగౌడ్‌కు నా దగ్గర ఉంచుకున్న రెండో జత ప్రింట్లు చూపించాను. ఆయన ఒక్కోటి కంటికి దగ్గరగా, తర్వాత దూరంగా పెట్టి చూసి, నవ్వడం మొదలుపెట్టాడు. “నాకు గుడ నా చెట్టు దొరుకుతలేదు సారు” అన్నాడు. తర్వాత నన్ను చెయ్యి పట్టుకుని ఒక చెట్టు మొదట్లోకి తీసుకుపోయి నిలబెట్టాడు.

“చెట్టును మేం కట్ట మీద నిలవడి చూస్తమా? గీడ నిలవడుతం. మోకు ఏసుకుంటం. మీదికి చూస్తం. ఒక్కో చెట్టుకు ఎక్కే పక్క ఒకటే ఉంటది. మీరు అన్నిటిని వీపు పక్క నుంచి తీసిండ్రు.”

మోకు అంటే గీతకారుడు తన నడుముకూ చెట్టుకూ కలిపి వేసుకునే లావుపాటి తాడు. ఎక్కే పక్క బెరడు మీద ఏళ్ల తరబడి కాళ్లు ఆనిన చోట నునుపు తేలి ఉంటుంది. ఒక చెట్టుకు ఛాతీ ఎత్తున గాటు, ఇంకోదానికి మోకాలి దగ్గర బొడిపె. కింది నుంచి మీదికి చూస్తే ఒక్కో చెట్టు ఒక్కోలా వంగి, మట్టలు ఒక్కో తీరుగా విచ్చుకుంటాయి. కట్ట మీది నుంచి నాకు కనిపించినవి ముప్పై ఐదు ఒకేలాంటి అందమైన చెట్లు. ఇరవై ఏళ్లు ఫొటోలు తీసిన నాకు నిలబడే చోటు చూపించడానికి ఒక ముసలాయన కావలసి వచ్చింది.

అంతటితో వదల్లేదు. మోకు నా నడుముకు వేసి ఎక్కమన్నాడు. రెండడుగులు ఎక్కాను. మూడో అడుగు ఎక్కలేదు, దిగనూ లేదు. పద్మ, ఆమె తమ్ముడు, మేకలు కాసే ఇద్దరు ఆడవాళ్లు నవ్వుతూ నిలబడ్డారు. “సారు కూడ సంఘంల చేరుతడేమో, ఒక చెట్టు రాయుండ్రి” అని ఒకామె అంది. నేను చెట్టును కావలించుకుని ఉన్నాను కాబట్టి మర్యాదగా జవాబివ్వలేకపోయాను.

మరుసటి ఆదివారం తీసిన ఫొటోలు నా జీవితంలో తీసిన అన్నిటికన్నా అనాకారివి. మిట్టమధ్యాహ్నం, పసుపు అద్దం లేదు, మబ్బు లేదు. ప్రతి చెట్టుకూ ఎల్లాగౌడ్ కాలితో గీత గీసిన చోటే నిలబడ్డాను. చెట్టుకు రెండు ఫ్రేములు. ఒకటి ఛాతీ ఎత్తున బెరడు, రెండోది మెడ విరిచి మీదికి. మీదికి తీసేటప్పుడు చెట్టు మొత్తం పట్టాలంటే మామూలు కటకం చాలదు. కోరుట్లలోని ఒక స్టూడియో మిత్రుడి దగ్గర వెడల్పు కటకం అరువు తెచ్చాను. ప్రింట్ల వెనక పాత అంకెలే వేశాను. మెడ నొప్పి మూడు రోజులు ఉంది.

ఈసారి పోస్టును నమ్ముకుంటే శివరాత్రి దాటిపోతుంది. దుబాయి నుంచి సెలవు మీద వచ్చినవాడు తిరిగి పోయేటప్పుడు చుట్టుపక్కల ఊళ్ల మూటలన్నీ మోసుకుపోవడం మా వైపు ఆనవాయితీ. కాదనే హక్కు అతనికి లేదు. కోరుట్లలో ఒకాయన ఆ వారమే షార్జా పోతున్నాడని తెలిసి, పద్మను వెనక కూర్చోబెట్టుకుని బండి మీద వెళ్లాను. ఆ ఇంట్లో మంచం నిండా సకినాలు, మామిడికాయ తొక్కు, మాటలు నింపిన క్యాసెట్లు. నా కవరు చూసి ఆయన మురిసిపోయాడు. “ఇన్నేండ్ల సంది మోస్తున్న, నూనె కారనిది గిదొక్కటే” అన్నాడు.

గల్ఫులో శుక్రవారం సెలవు. శుక్రవారం మధ్యాహ్నాలు జగిత్యాల బస్టాండు దగ్గరి ఫోను బూత్‌లు ఆడవాళ్లతో నిండిపోయేవి. రాజేశం ఫలానా శుక్రవారం ఫోను చేస్తానని కబురు పెట్టాడు. నేను ఒక పూట సెలవు చీటీ రాసి, కాగితం, పెన్నుతో వెళ్లాను. ఎల్లాగౌడ్ కూడా సాక్షిగా వచ్చాడు. ఫోను మోగింది. పద్మ రెండు మాటలు మాట్లాడి రిసీవరు నా వైపు చాచింది. “పిల్లలు ఎట్లున్నరని అడుగలే. చెట్లు ఎట్లున్నయని అడుగుతుండు. మీతోనే మాట్లాడుతడట.”

అవతలి గొంతు గడగడా చెప్పుకుపోయింది. “రాసుకోండ్రి సారు. మూడు నాది, సిపాయి. ఏడు నాది, గది ముసలవ్వ, జరంత వంగి ఉంటది. పదకొండు పొగరుది, పొద్దుగాల ఎక్కనియ్యది.” ఒక్కో చెట్టుకూ పేరు, గుణం, ఏ నెలలో గీయాలో. నా చెయ్యి పరుగెత్తింది. పదకొండు చెట్లు చెప్పి ఆగిపోయాడు. తర్వాత గొంతు తగ్గించి అడిగాడు. “పసుపు చేను అవతల ఒంటి తాటిచెట్టు ఫొటో లేదేంది సారు? పడిపోయిందా? నిజం చెప్పుండ్రి.”

నేను ఎల్లాగౌడ్ వైపు తిరిగి అడిగాను. ఆయన నుదురు కొట్టుకున్నాడు. వనానికి దూరంగా ఒక చెట్టు ఉందన్న సంగతే లెక్కలో మరిచిపోయాడు. చెట్లు ముప్పై ఐదు కాదు, ముప్పై ఆరు. “ఉన్నది, మంచిగున్నది అని చెప్పు సారు” అన్నాడు. చెప్పాను. అవతల రాజేశం గట్టిగా ఊపిరి వదలడం నాకు ఇక్కడ వినబడింది. నాకూ కళ్లు చెమర్చాయి, అది మాత్రం రిజిస్టర్‌లో రాయలేదు.

శివరాత్రి తర్వాత సంఘం కూర్చుంది. నన్నూ పిలిచారు. నేను చీటీ చదివాను. ఎవరో ఒకాయన, ఫోనులో చెప్పిన మాటకు విలువేమిటని అడిగాడు. ఎల్లాగౌడ్ నిలబడి ఒకే మాట అన్నాడు. “ఈడ ఉండి నేను మరిచిన చెట్టు ఆడ ఉండి వానికి యాదికున్నది. ఇగ పంచాది ఏంది?” పన్నెండు చెట్లూ రాజేశం పేరనే ఉన్నాయి. బావమరిది ఆ ఎండాకాలం వాటిని గీశాడు. ముసలవ్వ అతన్ని రెండుసార్లు జార్చిందట.

మరుసటి ఏడు కంపెనీ కాగితం అయిపోగానే రాజేశం ఇంకో సంతకం పెట్టకుండా వచ్చేశాడు. ఒక ఆదివారం నేను అటు వెళ్లేసరికి చెట్టు మీద ఉన్నాడు. కింద నుంచి పద్మ “ఫొటో సారు అచ్చిండు” అని కేకేస్తే, “జర ఆగుమను, సిపాయి మీదున్న” అని మీది నుంచి జవాబొచ్చింది. నేను అతన్ని చూసింది అదే మొదటిసారి, మొదట కనిపించినవి అరికాళ్లు.

ఆ తర్వాత పదహారేళ్లు ఉద్యోగం చేశాను. బావిని తీయమంటే నీళ్లు తోడేవాళ్లు ఎక్కడ నిలబడతారో అడిగాను. మగ్గాన్ని తీయమంటే నేతగాడి వెనక్కి వెళ్లాను. నా ఫొటోల్లో అధికారుల మొహాల కన్నా పనివాళ్ల చేతులు, వీపులు ఎక్కువయ్యాయని రెండుసార్లు మెమో వచ్చింది. ఒక పదోన్నతి ఆలస్యమైంది కూడా. మెమోలకు సంజాయిషీ ఇచ్చాను, నిలబడే చోటు మార్చలేదు. వస్తువును దానితో బతికేవాడు చూసే చోటు నుంచి తీస్తేనే అతను దాన్ని గుర్తుపడతాడు. వెలుగు సంగతి ఆ తర్వాత చూసుకోవచ్చు.