చక్రం ముట్టని నడక

మా కాలనీ శ్మశానానికి దారి రాకుండా చేయబోయింది పొలం ఆసామి కాదు, అధికారులు కాదు, నేను. మోటార్ సైకిల్ వెనక సీటు మీద కూర్చుని అంత ఘనకార్యం ఎట్లా చేశానో వినండి. నవ్వండి, నాకు అభ్యంతరం లేదు.

పెద్దారవీడు దగ్గర మా కాలనీ. ఎవరైనా పోతే శవపెట్టెను పరాయి పొలం గట్ల మీదుగా, అదీ ఆసామికి దయ కలిగితేనే మోసుకుపోవాలి. దారి కోసం కోర్టుకెళ్దామని మా ఏసమ్మత్త ఆడవాళ్లను కూడగట్టింది. లాయరు ఖర్చుకు ఉపాయం నాది: మార్కాపురం నుంచి మా ఊరి వెనక కొండ కొస దాకా నేను నడుస్తాను, దాతలు చందా ఇస్తారు. పలకల వ్యాపారి ఒకాయన పెద్ద మొత్తానికి ఒప్పుకున్నాడు.

"చక్రం ముట్టగూడదు. ముట్టినావా, రూపాయి రాదు" అన్నాడు.

నేను ఛాతీ విరిచాను. దానికన్నా నా పొట్టే ముందుండేది, అది వేరే సంగతి.

తెల్లారి బయలుదేరాను. మా వైపు రోడ్డు మీద నడిచే మనిషిని చూసి బండి ఆపకపోతే పాపం. ఆపిన బండి ఎక్కకపోతే పగ.

"ఏంది మామా, నడిచిపోతాండావు? ఎక్కు."

"వద్దు నాయనా, ఈరోజు నడకే నా పని."

"ఇంట్లో పోట్లాడినావా ఏంది?" అని ఆ బండి కుర్రాడు జాలిగా చూసి పోయాడు.

తర్వాత వచ్చినవాడు మా బామ్మర్ది. వాళ్లింటి పెళ్లిలో నాకు పులుసే గానీ మాంసం ముక్కలు పడలేదని ఏడాది మాటల్లేకుండా ఉండి, అప్పుడే రాజీపడ్డాం.

"ఎక్కు బావా."

"నడుస్తాలే."

"అంటే, ఇంకా మనసులో పెట్టుకున్నావు."

"అట్ల కాదురా..."

"సరే, అక్కకు చెప్తాలే, మీ ఆయన నా బండి గూడా ఎక్కడంట అని."

నా కాలు దానంతటదే లేచి బండికి అవతల పడింది. "ఆ మలుపు దాకానే" అన్నాను.

మలుపు తిరిగాం. అక్కడ చెట్టు నీడన కారు ఆపుకుని, మజ్జిగ గ్లాసుతో, నా కోసమే నిలబడి ఉన్నాడు పలకల వ్యాపారి.

"ఎండకు సొమ్మసిల్లినావేమో అని తెచ్చినా. నీకేంలే, చల్లగాలి తగుల్తాండాది గదా" అని తానే తాగేశాడు.

ఏసమ్మత్త తిట్టలేదు. తిట్టినా బాగుండేది. వ్యాపారికి ఫోన్ కలపమంది.

"అయ్యా, చక్రం ముట్టింది మా అల్లుడు. మా కాళ్లు ముట్టలేదు గదా?"

ఆయన "నడవండి. నేనే కార్లో వెనక వచ్చి చూస్తా" అన్నాడు.

ఆదివారం తెల్లవారకముందే ఆడవాళ్లంతా ఆటోల్లో మార్కాపురం చేరారు (షరతు ఇంకా మొదలు కాలేదు లెండి). రోడ్డు మీదే పాస్టరుగారి చేత ప్రార్థన చేయించుకుని నడక మొదలుపెట్టారు. అందరికన్నా వెనక, తల వంచుకుని నేను. మామూలుగానే బండ్లు ఆగాయి.

"ఎక్కు అత్తా."

"నువ్వే దిగు నాయనా. చచ్చినోళ్ల దారి కోసం పోతాండాం, రెండడుగులు నడువు."

దిగారండీ! దిగి, బండ్లు తోసుకుంటూ నడిచారు. మా బామ్మర్ది కూడా. ఊరు దాటినప్పుడల్లా జనం పెరిగారు. కొండ మొదట్లో కారు ఆగిపోయింది. వ్యాపారి దిగి, చెప్పులు చేతపట్టుకుని, రొప్పుతూ మా వెనకే ఎక్కాడు.

ఎక్కుతూ తలెత్తి పైకి చూశాను. కొండ పొడవునా చీరలు, తుండుగుడ్డలు, మనుషులు. అందరికన్నా ముందు నీళ్ల బిందెతో ఏసమ్మత్త. ఆమెకు చోటివ్వడానికి నల్లమలే కాస్త పక్కకు జరిగిందేమో అనిపించింది. నవ్వించడానికే రాస్తున్నాను గానీ, ఇక్కడికొచ్చేసరికి కలం పక్కన పెట్టి, లేచి ఆ కొండ వైపు చూసొచ్చాను.

అందరం కొస చేరాం, చందా అందింది, కోర్టులో గెలిచాం, దారి వచ్చింది. హద్దురాళ్లు పాతిన రోజు ఏసమ్మత్త నన్ను ఆ దారి మొదట్లో నిలబెట్టి, "అల్లుడా, దీంట్లో మాత్రం నువ్వు నడవబన్లేదులే. మేమే మోస్తాం" అంది.

కాబట్టి సర్వజనుల సమక్షంలో ప్రమాణం చేస్తున్నాను. ఇకపై ఆ నలుగురి భుజాలు తప్ప మరే వాహనమూ ఎక్కను. బామ్మర్ది వాళ్లక్కకు చెప్పుకున్నా సరే.