ఖలాస్ కెప్టెన్

దుబాయ్ అల్ ఖూజ్ లేబర్ క్యాంపులో మా రూమ్ క్రికెట్ జట్టుకి ఓ కెప్టెన్ ఉండేవాడు. ఎండలకి ఆట ఆగిపోయిందంటే ఆయన బుర్ర పని మొదలుపెట్టేది. జట్టులోంచి ఎవరిని ఇచ్చేసి, వేరే జట్టు నుంచి ఎవరిని తెచ్చుకోవాలో గంటలకొద్దీ చెప్పి, చివర్లో తొడ చరిచి "ఖలాస్!" అనేవాడు. ఇక దానికి తిరుగులేదు.

మా క్యాంపులో రూముకో జట్టు. జట్టు మారితే మంచం కూడా మారాల్సిందే. ఆ వేసవి మా వికెట్ కీపర్‌ని పక్క రూముకిచ్చి, వాళ్ల ఫాస్ట్ బౌలర్‌ని తెచ్చాడు.

"అన్నా, మనకు వండిపెట్టేది కీపరే గదనే!" అన్నాను కంగారుగా.

"కప్పు గెల్వాలంటే బౌలర్ గావాలె, బగారన్నం గాదు. ఖలాస్!"

కొత్త బౌలర్‌కి గుడ్డు ఉడకబెట్టడం కూడా రాదు. పెరుగులో ఖుబూస్ రొట్టె ముంచుకుని తినీ తినీ అందరి మొహాలూ పీక్కుపోయాయి. ఓ శుక్రవారం మధ్యాహ్నం కెప్టెనే లేచాడు.

"బౌలర్‌ను వాపస్ ఇచ్చి, కీపర్‌ను తోల్కొస్త," అంటూ పక్క రూముకి వెళ్లాడు.

ఎంతసేపటికీ రాలేదు. గోడ అవతల నుంచి మటన్ కూర వాసన వచ్చింది. కాసేపటికి తొడ చరిచిన చప్పుడు, వెంటనే "ఖలాస్!" వినిపించాయి. హమ్మయ్య అనుకున్నాం.

తలుపు తోసుకుని మా పాత కీపర్ వచ్చాడు. చేతిలో గరిటె ఉంది.

"కెప్టెనన్న దుప్పటి, దిండు ఇయ్యున్రి," అన్నాడు.