సాయిలు మానేసినవన్నీ

శామీర్‌పేట చెరువులో చేపలు పట్టే సాయిలుకు ఏడాదిగా ఒళ్లంతా దద్దుర్లు. దద్దుర్లకు గొర్రెబొచ్చు గొంగడిని మించింది లేదని భార్య బాలనర్సమ్మ దాంతోనే రుద్ది, అదే కప్పి పడుకోబెట్టేది. అవి రెట్టింపయ్యేవి. ఆమె ఇంకా గట్టిగా రుద్దేది.

మేడ్చల్‌లో చర్మం డాక్టరు, ఒంటికి పడనిదేదో తేలాలి, ఒక్కొక్కటే మానెయ్యమన్నాడు. సాయిలు వంకాయ మానేశాడు, సబ్బు మానేశాడు, చేపలూ చెరువూ మానేశాడు, ఆఖరికి బామ్మర్దితో మాటలు కూడా మానేశాడు. దురద రవ్వంత తగ్గలేదు.

నెల తర్వాత, మండే ఎండలో, గొంగడి కప్పుకుని వచ్చి డాక్టరు ముందు కూర్చున్నాడు.

"అన్నీ ఇడిసిపెట్టిన సారూ. ఇగ ఏం మిగల్లే."

"మరి ఆ గొంగడి?"

సాయిలు దాన్ని గట్టిగా దగ్గరికి లాక్కున్నాడు.

"గిది నా దద్దుర్ల దవా సారూ! దవా బంజెయ్యమనే డాక్టర్ను గిప్పుడే సూస్తున్న!"