ఏది పాతది, ఏది మేస్త్రిది

చెవి మీద పెన్సిల్ లేనిదే వడ్రంగి మేస్త్రి ఆ మేడలో అడుగు పెట్టడు. ఊరిచివర పాడుపడ్డ రెండొందల ఏళ్ల మేడను నాలుగేళ్లు చెమటోడ్చి నిలబెట్టింది అతనే. ఇప్పుడది అమ్మకానికొచ్చింది. చూడవచ్చినవాళ్లతో బ్రోకరు "అంతా పాతకాలపు చెక్కేనండీ" అన్నాడంటే చాలు, మేస్త్రికి ఒళ్లు మండుతుంది. "పాతదెక్కడండీ! ఆ కిటికీ నాది, ఈ మెట్లు నావి" అంటూ ఒక్కొక్కటే తట్టి చూపిస్తాడు. అలా మూడు బేరాలు చెడగొట్టాడు. నిన్నొచ్చిన డాక్టరమ్మ మెట్ల రెయిలింగు నిమురుతూ, "మరి ఇదెవరిది మేస్త్రిగారూ?" అంది. మేస్త్రి కళ్లజోడు సవరించుకున్నాడు, గోటితో గీకాడు, వాసన చూశాడు. చివరికి పకపకా నవ్వేశాడు. "నాదో పాతదో నాకే తెలీట్లేదమ్మా!" బ్రోకరు తల పట్టుకున్నాడు. "అయితే మేం తీసుకుంటాం" అంది డాక్టరమ్మ. మేస్త్రికి అది చెవికెక్కలేదు. రెయిలింగుకి ముక్కు ఆనించి ఇంకా వాసన చూస్తూనే ఉన్నాడు.