రంగు పేలికలు

మా ఆయన హెర్నియాకు సోమవారమే ఆపరేషన్ అని డాక్టరు శుక్రవారం చెప్పాడు. తర్వాత మూడు వారాలు బరువులెత్తకూడదు, ఎక్కువసేపు నిలబడకూడదు. లాల్‌దర్వాజాలో మాది బట్టలకు రంగులేసే దుకాణం. పైగా పెళ్లిళ్ల రోజులు. మూడు వారాలు మూస్తే గిరాకీ పక్క సందుకు పోతుంది, పోయింది తిరిగి రాదు. ఆయన తప్ప రంగు కలిపేవాళ్లు లేరు. నేను కలుపుతానన్నాను.

"ఉల్లిపొర రంగుకు గులాబీ ఒక చెంచా, పసుపురంగు చిటికెడు," అన్నాడు.

"చిటికెడంటే ఎంత?"

"చిటికెడంటే చిటికెడే. గింత మాటకు బీఎస్సీ చదవాల్నా?"

ఊరుకుంటానా? పక్కింటి కంసాలి త్రాసు తెచ్చి ఆయన చిటికెడును మూడుసార్లు తూచాను. మూడూ మూడు తూకాలు. గెలిచానని ఎగిరాను. తీరా చూస్తే ఆయన వాటితో రంగు కలిపిన మూడు గిన్నెల్లో ముంచిన పేలికలూ ఆరాక ఒక్కటే రంగు!

"తూకంతోని కాదే. తడి బట్ట చూసుకుంట కలుపుత. తడిగున్నప్పుడు ముదురు కొడ్తది, ఆరినంక తేలుతది. ఎంత తేలుతదో నాకెరుక."

"ఎట్లెరుక?"

"ఇర్వై ఏండ్ల సంది చూస్తున్న."

నాకున్నవి రెండు రోజులు.

గిరాకీ తెచ్చిన నమూనానే తడిపి పోల్చుకుంటే సరి అనుకున్నాను. శనివారం, వెనక సందులో మేమంతా ఖాలా, అంటే పిన్ని, అని పిలిచే ఆవిడ తన కూతురి పెళ్లికని తెల్లటి మల్‌మల్ దుపట్టా తెచ్చింది. దానికి కలవాల్సిన రంగంటూ ఉల్లిపొర రంగు జరీ గుడ్డముక్క చేతిలో పెట్టింది.

"పానీ నక్కో బేటీ! జరీ ఖరాబైతది. నిఖా జుమ్మాకే, శుక్రవారంకల్లా కావాలె, యాది పెట్టుకో."

గుడ్డకు నీళ్లు తగలొద్దంటే నా ఉపాయం అక్కడికక్కడే పోయింది.

ఆదివారం ఆయన్ను స్టూలు మీద కూర్చోబెట్టి ముప్పై పేలికలకు ముప్పై రంగులు వేయించాను. ఖాలా గుడ్డతో కలిసే పేలికను ఆరాక వెతికి, ఇక తడపాల్సింది గుడ్డను కాదు, ఈ పేలికను అన్నాను. ఆయన పొట్ట పట్టుకుని నవ్వాడు.

"నవ్వకు. కుట్లేయకముందే చిరుగుతవు," అన్నాను.

మంగళవారం ఒక్కదాన్నే దుకాణం తెరిచాను. పేలికను తడిపి పక్కన పెట్టుకుని, దుపట్టా రంగు దానితో కలిసేదాకా ముంచాను, తీశాను. ఆ తొందరలో రంగు నా కొంగు మీద కూడా ఒలికింది. దుపట్టాను మిద్దె మీద ఆరేసి, ఆరేదాకా ఆగలేక ఆస్పత్రికి పరుగెత్తాను. వార్డు నల్లా దగ్గర చేతులు కడిగి కొంగుతో తుడుచుకున్నాను.

ఆయన ముఖం పాలిపోయి ఉంది. ఎట్లున్నవని నేను అడగకముందే కొంగు చూశాడు.

"ఉల్లిపొర అంటే బీట్‌రూట్ చేసినవా ఏంది?"

నేనూ కొంగు చూసుకున్నాను. అప్పుడు గుర్తొచ్చింది.

"ఇప్పుడే చేతులు తుడుచుకున్న. తడిది. ఆరనియ్యి."

కొంగు చివర పట్టుకుని ఆయన ఊదాడు. గట్టిగా ఊదితే కుట్లు లాగుతాయని లాక్కుని నేనే గాలికి ఊపాను. ఆరేకొద్దీ రంగు తేలింది. ఆయన కొంగును కిటికీ వెలుగుకు తిప్పి చూశాడు.

"ఖాలాకు ఎండల చూపెట్టు. లోపల చూపెట్టకు, అసలు రంగు కానరాదు."

బాగుందన్న మాట ఆయన నోట ఎప్పుడూ రాదు.