హైడ్రాలిక్కు గారు

కుర్రతనంలో చొక్కా జేబుకి ఎప్పుడూ పెన్ను పెట్టుకునేవాణ్ణి. అయిదో తరగతిలోనే బడి నన్ను వదిలించుకుంది కాబట్టి అందులో సిరా పోయాల్సిన అవసరం రాలేదు.

ఆ పెన్ను చూసే రేపల్లె పాసింజర్లో ఒక పెద్దాయన మోసపోయాడు. తెనాలిలో చెత్త ఎత్తే ఎడ్లబండి తోలుతాడట. మున్సిపాలిటీకి లారీ వస్తోందట. దానికి వాడే ఇంగ్లీషు పేర్లకు అర్థం చెప్పలేనివాళ్లకు ఇక పని లేదన్నారట.

"బాబూ, టిప్పరంటే ఏంటి? హైడ్రాలిక్కంటే ఏంటి?"

"హైడ్రాలిక్కంటే డ్రైవరు గారి ఇంటిపేరు బాబాయ్," అన్నాను. పెట్టె అంతా నవ్వింది.

ఆయన నవ్వలేదు.

"నవ్వండి. మీ చెత్త ఎత్తింది నేను. ఆ లారీ ఎక్కేదీ నేనే," అంటూ నా ఒళ్లో ఉన్న పులిహోర డబ్బా అందుకున్నాడు. ఆయన ముట్టుకున్నాడని కొందరు ముఖాలు తిప్పుకున్నారు.

"ఎడ్లను విప్పి కాడి పైకెత్తితే చెత్త ఎనక్కి జారుద్ది. లారీ అయినా చెత్త ఒంపాల్సిందేగా, ఇదీ అంతే అయ్యుంటది. కాడి లేదు గాబట్టి తొట్టిని ఇంజనే ఎత్తుద్ది."

చూపించడానికి డబ్బా ఒక పక్క లేపాడు. సగం పులిహోర నా పంచె మీదికి జారింది. డబ్బాలో మిగిలింది అందరూ చూస్తుండగానే తిన్నాను.

కొన్నాళ్లకు తెనాలి మార్కెట్ దగ్గర చెత్త లారీ ఆగింది. తొట్టి పక్కన ఖాకీ చొక్కాలో ఆయనే.

"బాబాయ్, హైడ్రాలిక్కు గారు కులాసానా?" అని అరిచాను.

"కులాసాయే అబ్బాయ్. మళ్లీ పులిహోర ఎప్పుడు తెస్తావని అడుగుతున్నారు!"